చేతుల్లేని సీమంతం జాకెట్టు

ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో మగవాడికి తనకేమేం వచ్చునో బాగా తెలుసు. ఏం రాదో మాత్రం ఎవరో ఒకరు చెప్పేదాకా తెలీదు. (నా విషయంలో ఆ ఎవరో ఒకరు మా ఆవిడ. ఇప్పటికీ ఆ బాధ్యత ఆవిడే శ్రద్ధగా చూసుకుంటోంది.) అప్పట్లో నేను జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో, తయారైన మాత్రలు సరిగ్గా ఉన్నాయో లేదో పరీక్షించే విభాగంలో పనిచేసేవాణ్ణి. మాది గోదావరి వైపు. పెళ్ళయిన కొత్తలో గాజులరామారంలో ఒక ఇరుకు వాటాలో ఉండేవాళ్ళం. పక్కింటి కుక్కరు కూత వేస్తే మా ఆవిడ లేచి వెళ్ళి మా స్టవ్వు కట్టేసేది, అంత దగ్గర. కాస్త గాలీ వెలుతురూ కావాలని మేడ్చల్లో, షామీర్‌పేట వెళ్ళే రోడ్డు వైపు, ఒక ఇంట్లో కింది పోర్షన్‌కి మారాం. పైన ఇంటివాళ్ళుండేవాళ్ళు. వాళ్ళకి ద్రాక్షతోట ఉండేది గనక ఇంట్లో అందరూ పొద్దున్నే తోటకి పోయేవారు. ఇంటి పెత్తనం, అద్దెకున్న మా మీద పెత్తనం, రెండూ వాళ్ళ అవ్వ చేతుల్లో ఉండేవి.

ఇల్లు చూపించిన రోజునే అవ్వ ఒక షరతు పెట్టింది. "నీళ్ళు మస్తుగొస్తయి బిడ్డా, గాలి మంచిగొస్తది. గని గా మూలకున్న కుట్టుమిషిను మాత్రం ఆడనే ఉంటది. మా ఇంట్ల జాగ లేదు." అది కాలితో తొక్కే పాతకాలపు మిషను. అవ్వ వయసులో ఉన్నప్పుడు సరదాపడి కొనిపించుకుందట. "కుట్టడం వచ్చా అవ్వా?" అని మా ఆవిడ అడిగితే, "ఏడ బిడ్డా! కొన్న గని, నేర్సుకోనికి తీరలే" అంది, ఏ మాత్రం నొచ్చుకోకుండా. మా ఆవిడ ఆ మిషను మీద దుప్పటి కప్పి, దానిమీద ఆవకాయ జాడీ, ఇస్త్రీపెట్టె, పాత పేపర్లు పెట్టేసింది. అలా అది కొన్నాళ్ళు మా ఇంట్లో బల్లగా కాలక్షేపం చేసింది.

మా ఆవిడకి అయిదో నెల వచ్చేసరికి జాకెట్లన్నీ బిగుతైపోయాయి. ఒక ఆదివారం బౌరంపేటలో మా ఫ్యాక్టరీ స్నేహితుడి గృహప్రవేశానికి బయల్దేరాలి. నేను తయారై, బండి తుడిచి, మళ్ళీ లోపలికొచ్చి చూస్తే మా ఆవిడ మంచం మీద జాకెట్ల గుట్ట మధ్య కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. "ఒక్కటీ పట్టట్లేదండీ. మీరొక్కరే వెళ్ళండి. నేను ఇంక జన్మలో ఎక్కడికీ రాను." ఓదార్చడం చేతగాక నేనొక జాకెట్టు తీసుకుని తిరగేశాను, లోపం ఎక్కడుందో చూద్దామని. (మా విభాగం వాళ్ళకి అది జబ్బు. పెళ్ళిభోజనంలో లడ్డూ ఇచ్చినా ముందు తిరగేసి చూస్తాం.) లోపల చూద్దును కదా, పక్క కుట్టు ఒకటి కాదు, ఒకదాని పక్కన ఒకటి మూడు వరసలున్నాయి. వాటి వెనక రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ బుద్ధిగా మడతపడి ఉంది. "ఇదేంటి, మూడుసార్లు కుట్టాడు? మర్చిపోయాడా?" అన్నాను. మా ఆవిడ ఏడుపు ఆపి నావైపు చూసింది. "ఒళ్ళొస్తే విప్పుకోడానికి వదుల్తారండీ. అది కూడా తెలీదా?"

నిజంగా తెలీదు. మా అమ్మ, మేనత్తలు, అక్క, ఇంతమంది ఆడవాళ్ళ మధ్య పెరిగాను కానీ, ప్రతి జాకెట్టులోనూ రాబోయే రోజుల కోసం కాస్త గుడ్డ దాచి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి ఒక వరస కుట్టు విప్పాను. దారం పుటుక్కు పుటుక్కున తెగుతుంటే భలే సరదాగా ఉంది. రెండో పక్క కూడా విప్పి ఇచ్చాను. మా ఆవిడ తొడుక్కుని అద్దంలో చూసుకుంది. హుక్కులు పడ్డాయి. ఏడ్చిన మొహంతోనే నవ్వింది. చెప్పొద్దూ, అన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్ని వేల మాత్రలు పాసు చేశానో గానీ, అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు. ఆ సాయంత్రం గృహప్రవేశం నుంచి రాగానే మిగతా జాకెట్లన్నీ ముందేసుకుని విప్పేశాను. విప్పడం ఇంత బాగా వచ్చినవాడికి కుట్టడం ఎందుకు రాదని అప్పుడే అనిపించింది. మర్నాడు ఆవకాయ జాడీని గూట్లోకి మార్చి, దుప్పటి తీసి, మిషనుకి నూనె వేశాను.

మిషను చప్పుడు వినగానే అవ్వ మెట్లు దిగి వచ్చింది. గుమ్మంలో ముక్కాలిపీట వేసుకుని, ఆ రోజు నుంచి నాకు గురువైపోయింది. ఆవిడకి కుట్టు రాదని ఆవిడే చెప్పింది కదా అని మీరనుకోవచ్చు. అలాంటి చిన్న విషయాలు అవ్వని ఆపేవి కావు. నేను పెడలు మీద కాలు వేసి తొక్కితే చక్రం వెనక్కి తిరిగేది, దారం తెగేది. "గిట్ల గాదు బిడ్డా." మళ్ళీ తొక్కితే కింది దారం గుట్టలా చిక్కుపడేది. "గట్ల అసలే గాదు." "మరెట్లా అవ్వా?" అని అడిగితే, "నాకేమెరుక? గని సక్కగ గావాలె" అనేది. ఫోన్లో వీడియోలు చూస్తూ, అవ్వ చేత కాదనిపించుకుంటూ, రెండు మూడు వారాలకి తిన్నగా ఒక కుట్టు వేశాను. దిండు గలీబు. అది పూర్తి కాగానే అవ్వకి చూపిద్దామని గర్వంగా లేచి నిలబడ్డాను. మిషను నాతో పాటు లేవబోయింది. గలీబుతో పాటు నా లుంగీ అంచు కూడా కుట్టేసుకున్నానన్నమాట. అవ్వ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి నవ్వి, "ఇగో, నీ మొగుడు మిషినుకు దొరికిండు, జల్దీ రా బిడ్డా!" అని మా ఆవిడని కేకేసింది. నేను లుంగీని వదల్లేను, మిషను నన్ను వదల్లేదు. మా ఆవిడ బ్లేడుతో వచ్చి విడిపించింది.

అయినా నాకు బుద్ధి రాలేదు, పిచ్చి పట్టింది. ఫ్యాక్టరీ బస్సు దిగి, కాళ్ళు కడుక్కుని, టీ కూడా తాగకుండా మిషను ముందు కూర్చునేవాణ్ణి. తిన్నని కుట్టు ఒక్కటే వచ్చు గనక తిన్నని కుట్టుతో అయ్యేవన్నీ కుట్టాను. మిక్సీకి కవరు, టీవీకి కవరు, గ్యాసు బండకి కవరు, ఫ్రిజ్ తలుపు పిడికి కవరు, రిమోటుకి కవరు, ఆవకాయ జాడీకి కుచ్చుల కవరు. "ఒకచోట కదలకుండా కూర్చుంటే నాకూ తొడిగేస్తారు కవరు" అనేది మా ఆవిడ. ఒకసారి ఆవిడ కొత్త చీరకి ఫాల్ కూడా కుట్టాను, ఎంతో నీటుగా, ఒక్క వంకర లేకుండా. తీరా కట్టుకుంటే ఫాల్ కుచ్చిళ్ళ కింద లేదు, పమిట కొంగు మీద ఉంది. చీరకి ఏది మొదలో ఏది చివరో పట్టించుకోకుండా చేతికందిన వైపు మొదలుపెట్టానన్నమాట. నిదానంగా నడిచివచ్చే ఇల్లాలి భుజం మీద బారెడు ఫాల్ గుడ్డ కనపడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఈ కవర్ల సంగతి మా అత్తగారికి చేరింది. వాళ్ళ వీధిలో ఉండే ఒకావిడ మమ్మల్ని చూడ్డానికొచ్చి, కాఫీ తాగి, అన్నీ చూసి వెళ్ళి, ఊళ్ళో చెప్పిందట. ఆ సాయంత్రమే ఫోను. స్పీకరు ఆన్ అయి ఉందని మా అత్తగారికి తెలీదు. "ఏమే, అల్లుడుగారు ఇంట్లో మిషను కుడుతున్నారంటగా? ఉద్యోగం బాగానే ఉంది కదే? ఏదైనా ఉంటే చెప్పు తల్లీ, దాచకు." మా ఆవిడ నావైపు చూస్తూ, "బాగానే ఉందమ్మా. ఊరికే, సరదాకి" అంది. "సరదాకి మిషను కుడతారా ఎవరైనా? సరదాకి సినిమాకెళ్తారు. వీధిలో వాళ్ళు నన్ను అడిగితే ఏం చెప్పను?" నేను కత్తెర కింద పెట్టేసి కాసేపు కిటికీలోంచి బయటికి చూశాను. మా అత్తగారు చెడ్డమనిషి కాదు. కానీ ఆవిడ దృష్టిలో అల్లుడంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చుని, పలహారం వద్దు వద్దంటూ తినేవాడు. "మా అమ్మ వచ్చి ఉన్నన్నాళ్ళూ ఆ దుప్పటి తియ్యకండి" అని మా ఆవిడ నా దగ్గర మాట తీసుకుంది.

ఏడో నెలలో సీమంతం పెట్టుకున్నాం. మా అత్తగారు వచ్చి చలిమిడి పెట్టి, కూతుర్ని పురిటికి తీసుకెళ్ళాలి. ముందుగా చీర పంపించారు, ఊరి నుంచి వస్తున్న వాళ్ళెవరో బస్సులో తెచ్చి ఇచ్చారు. చిలకపచ్చ పట్టుచీర, ఎర్ర జరీ అంచు. జాకెట్టు గుడ్డ ఆ చీర చివరే ఉంది, దాన్ని కత్తిరించి కుట్టించుకోవాలి. "ఇది ఏరి ఏరి కొన్నానే. ఈ చీర, ఈ జాకెట్టే కట్టుకుని నా చేతి చలిమిడి తీసుకోవాలి" అని ఫోన్లో చెప్పారు. ఆ గుడ్డ తీసుకుని మేడ్చల్ బజార్లో మా టైలరు దగ్గరికి వెళ్ళాను. మా ఆవిడ ఆయన్ని 'రేపు మాస్టరు' అనేది, ఎప్పుడడిగినా రేపు రమ్మనేవాడు గనక. ఆ రోజు మాత్రం ఆయన గుడ్డ ముట్టుకోలేదు. "సార్, పెండ్లిళ్ళ సీజను, మస్తు పరేషాన్ల ఉన్న. గీ కట్టలన్నీ పెండ్లిపిల్లలవే. మీ ఫంక్షనుకు నాతోని గాదు. గుడ్డ తీసుకుని మిమ్ముల తిప్పుకునుడు నాకు మంచిగనిపియ్యదు" అన్నాడు. నెలల తరబడి రేపు రేపు అంటూ గుడ్డ తీసుకున్న మనిషి ఆ ఒక్కసారే నిజం చెప్పాడు. ఇంకో నాలుగు షాపులు తిరిగాను. అందరూ అదే మాట.

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆవిడ గుడ్డ అందుకుని మడత పెట్టింది. నేను గొంతు సవరించుకుని, "నేను కుడతాను" అన్నాను. ఆవిడ నన్నూ, మిషన్నూ మార్చి మార్చి చూసింది. తర్వాత, "ఫాల్ సంగతి గుర్తుంది కదా?" అంది. గుర్తుందన్నాను. "గుడ్డ ఇంతే ఉంది. పాడైతే ఇంకోటి రాదు. అందరూ వస్తారు, మా అమ్మ కూర్చుని ఉంటుంది. నన్ను నవ్వులపాలు చెయ్యకండి, అంతే నేనడిగేది" అంది. "భలేదానివే, నాకొదిలెయ్" అన్నాను.

మర్నాడు సెలవు పెట్టి, గది ఊడ్చి, చాప వేసి, గుడ్డ పరిచాను. కొలతకిచ్చే ఆది జాకెట్టు పక్కన పెట్టుకున్నాను. అవ్వ పీట తెచ్చుకుంది. ఇక్కడ మా ఫ్యాక్టరీ అలవాటు ఒకటి చెప్పాలి. మా దగ్గర ఏ మందు తయారైనా అందులో కొంత తీసి పక్కన భద్రంగా దాచిపెడతాం, రేపెప్పుడైనా అవసరపడితే ఉండాలని. ఆ పద్ధతి నా రక్తంలో ఇంకిపోయింది. దానికి తోడు జాకెట్టు లోపల గుడ్డ దాచి ఉంటుందన్న సంగతి కొత్తగా తెలిసిన ఉత్సాహం ఇంకా తగ్గలేదు. మామూలు టైలరు రెండు వేళ్ళు వదిలితే, నా భార్య, నా బిడ్డ, ఇంకా రెండు నెలలుంది, ఎంత పెరుగుతుందో ఏమో అని నాలుగు వేళ్ళు వదిలాను. వీపు ముక్కకి రెండు పక్కలా నాలుగేసి వేళ్ళు. ముందు ముక్కలకీ నాలుగేసి. భుజాల దగ్గర ఎందుకో నాకే తెలీదు, అక్కడా వదిలాను. "గింతెందుకు బిడ్డా?" అని అవ్వ ఒకసారి అడిగింది. అన్నాళ్ళలో ఆవిడ అడిగిన ఒకే ఒక్క పనికొచ్చే ప్రశ్న అది. "ముందు ముందు కావాలి అవ్వా" అన్నాను, అంతా తెలిసినవాడిలాగ. కత్తెర కరకరలాడుతూ పట్టు మీద సాగిపోయింది. ముక్కలన్నీ పేర్చి చూసుకుని, ఇక చేతులు కత్తిరిద్దామని మిగిలిన గుడ్డ కోసం చాప మీద వెతికాను.

మిగిలింది మహా అయితే ఒక బొమ్మకి సరిపోతుంది. నేను ఆ ముక్కని అటు తిప్పి చూశాను, ఇటు తిప్పి చూశాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, తడి చేతులు తుడుచుకుంటూ ముక్కలన్నీ చూసింది. "చేతులేవండీ?" అంది. నా బదులు అవ్వే చెప్పింది. "చేతులు లేవు బిడ్డా. గుడ్డంత లోపల దాసిండు." మా ఆవిడ అక్కడే గోడకి చేరగిలబడి కూర్చుండిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఆ చిన్న ముక్క చేతిలోకి తీసుకుని, ఏడుస్తూ, "మా అమ్మ ఏరి ఏరి కొందండీ" అని మాత్రం అంది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. వదిలిన గుడ్డ కత్తిరించి అతుకుదామంటే అన్నీ సన్నని పేలికలే వస్తాయి. ముక్క పట్టుకుని మ్యాచింగ్ సెంటరుకి పరిగెత్తాను. అక్కడ లోకంలో ఉన్న పచ్చలన్నీ ఉన్నాయి, ఈ చిలకపచ్చ తప్ప. కొట్టువాడు దగ్గరది ఒకటి తీసిచ్చాడు. ఇంటికి తెచ్చి జరీ పక్కన పెడితే పెళ్ళిలో అడుక్కోవడానికొచ్చినదానిలా ఉంది.

బట్టల బీరువా ముందు నిలబడి, అందులో ఏముందో నాకే తెలీకుండా వెతుకుతుంటే, అడుగున నా పెళ్ళి కండువా చేతికి తగిలింది. మీగడ రంగు పట్టు, అంచు ఎర్ర జరీ. చీర అంచు తెచ్చి పక్కన పెట్టాను. అక్కాచెల్లెళ్ళలా కలిసిపోయాయి. ఇంకేం ఆలోచించలేదు. చాప మీద పరిచి కత్తెర వేశాను. మా ఆవిడ కెవ్వుమంది. "పెళ్ళి కండువా అండీ! మా వాళ్ళు పెట్టింది!" "మళ్ళీ పెళ్ళి చేసుకుంటానా ఏంటి" అన్నాను, కత్తెర ఆపకుండా. అవ్వ పీట మీదనుంచి లేచి నిలబడి, "జై" అన్నంత పని చేసింది. చేతులకి జరీ అంచు వచ్చేలా కత్తిరించి, కుట్టి, సంకలు కలిపి, విప్పి, మళ్ళీ కలిపి, మొత్తానికి జాకెట్టయింది. తొడుక్కుంటే పట్టింది. కుడిచెయ్యి ఎడమచేతి కంటే ఒక వేలెడు పొడుగుంది గానీ, గాజులేసుకుంటే ఎవరికీ తెలీదులెమ్మని సర్దిచెప్పాను. "ఎవరైనా అడిగితే మేడ్చల్లోనే కుట్టించామని చెప్తాను. అబద్ధమూ కాదు" అంది మా ఆవిడ. మిషను మీద దుప్పటి కప్పేశాం.

నేను లెక్క చూసుకోనిది ఒకటే. సీమంతంలో వచ్చిన ఆడవాళ్ళందరూ ఏం చేస్తారు? చేతులకి గంధం రాస్తారు, గాజులు తొడుగుతారు. అంటే ఒక్కొక్కరూ వరసగా వచ్చి ఆ చేతులు పట్టుకుని, తీరుబడిగా, దగ్గర్నుంచి చూస్తారు. లోకంలో ఇంక ఏ పేరంటంలోనూ జాకెట్టు చేతులకి అంత మర్యాద జరగదు. మొదట మా అత్తగారే వచ్చారు. కూతురి ఒళ్ళో చలిమిడి పెట్టి, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, గంధం రాయడానికి చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ వేళ్ళు జరీ అంచు దగ్గర ఆగిపోయాయి. అంచు రెండు వేళ్ళతో పట్టుకుని చూశారు. తలెత్తి, గుమ్మంలో పులిహోర గిన్నె పట్టుకుని నిలబడ్డ నావైపు చూశారు. నేను పులిహోర వైపు చూశాను.

"బాగుందే జాకెట్టు! ఎక్కడ కుట్టించావు?" అని కాలనీలో ఉండే మా గోదావరి వైపు ఒకావిడ అడిగింది. "ఇక్కడే, మేడ్చల్లో" అని మా ఆవిడ నోటిమాట పూర్తి కాలేదు, అవ్వకి ఆగలేదు. ఎలా ఆగుతుంది? మిషను ఆవిడది, గురువు ఆవిడ. మా అత్తగారి వైపు తిరిగి అందుకుంది. "మేడ్చల్ల ఏడ? గీ ఇంట్లనే! గా దుప్పటి కిందున్నది నా మిషినే. నీ అల్లుడే కుట్టిండమ్మా. గుడ్డ చాలకుంటే వాని పెండ్లి కండువ కోసి చేతులేసిండు. నేను ఈడనే కూసున్న!" గదిలో ఒక్కసారిగా నవ్వులు. "అల్లుడుగారు కుట్టారా! ఏదీ, ఏదీ!" అంటూ అందరూ చుట్టూ మూగారు. ఒకావిడ చేతి అంచు తిరగేసి కుట్టు చూసింది. మా ఆవిడ మొహం ఎర్రబడిపోయింది. ఆవిడ నన్ను అడిగిన ఒకే ఒక్క సంగతి నవ్వులపాలు చెయ్యొద్దనే కదా. నాకు పులిహోర గిన్నెతో సహా ఫ్యాక్టరీకి పారిపోవాలనిపించింది. మా అత్తగారు మాత్రం నవ్వలేదు. కుడిచేతికి గాజులు, ఎడమచేతికి గాజులు, ఒక్కొక్కటీ నెమ్మదిగా తొడిగి, లేచి పక్కకి వెళ్ళి కూర్చున్నారు.

పేరంటం అయిపోయి అందరూ వెళ్ళాక, ఆవిడ నేరుగా మిషను దగ్గరికి వెళ్ళి దుప్పటి తీశారు. ఇంక తప్పదనుకుని నేనూ వెళ్ళాను. "అత్తయ్యగారూ, ఉద్యోగం బాగానే ఉందండీ" అన్నాను. ఏం మాట్లాడాలో తోచక అదే వచ్చింది నోటికి. "తెలుసు బాబూ" అన్నారు. మిషను మీద చెయ్యి వేసి, "కండువా కోసేటప్పుడు మీకేమీ అనిపించలేదా?" అని అడిగారు. "మీ అమ్మాయి ఏడుస్తోందండీ" అన్నాను. ఆవిడ నావైపు అదో రకంగా చూసి, తన సంచి దగ్గరకి లాక్కుని, అందులోంచి ఉతికి మడతపెట్టిన పాత నేతచీరలు తీసి మిషను మీద పెట్టారు. కట్టి కట్టి దూదిలా మెత్తబడిపోయినవి. పుట్టబోయే బిడ్డకి ముందుగా కొత్తబట్టలు కొనరు మావైపు. పాత చీరలతో అమ్మమ్మ బొంత కుట్టి ఉంచుతుంది. "నేను పుట్టినప్పుడు మా అమ్మమ్మ కుట్టింది. దీనికి మా అమ్మ కుట్టింది. దీని బిడ్డకి నేను కుట్టాలి కదా" అన్నారు. "మూడుసార్లు మొదలుపెట్టాను. వేళ్ళు వంగట్లేదు బాబూ. సూది పట్టుకుంటే జారిపోతోంది. ఎవరికి చెప్పను? టైలరుకిస్తే పాతచీరలు ముట్టుకోనన్నాడు." ఆవిడ చీరల మడత సరిచేశారు. "మీకు శ్రమ అవుతుందేమో."

శ్రమేమిటండీ అనబోయి, చెయ్యి చాపి చీరలు తీసుకున్నాను. మా అత్తగారు చాప మీద కూర్చుని పొరలు పేర్చారు, ఏ చీర పైన, ఏ చీర లోపల, అంచులు బిడ్డకి గుచ్చుకోకుండా ఎటు తిప్పాలి, అన్నీ ఆవిడే చూశారు. నేను తొక్కాను. బొంతకి కావలసింది తిన్నని కుట్టు, లోకంలో నాకొచ్చిన ఒకే ఒక్క కుట్టు. గుమ్మంలో అవ్వ "గిట్ల గాదు, గట్ల గాదు" అంటూనే ఉంది. మధ్యలో ఒకసారి మా అత్తగారు, "అలా కాకపోతే ఎలాగో మీరు చెప్పండి చూద్దాం" అని ఆవిడకేసి తిరిగారు. అవ్వ, "నాకేమెరుక వదినా" అంది. అప్పుడు మా అత్తగారు నవ్వారు, ఆ రోజుకి మొదటిసారి, కళ్ళ నీళ్ళొచ్చేట్టు. మంచం మీంచి చూస్తున్న మా ఆవిడ కూడా నవ్వింది. మర్నాడు రైలెక్కేటప్పుడు బొంత ఎవరి చేతికీ ఇవ్వకుండా మా అత్తగారే ఒళ్ళో పెట్టుకున్నారు.

రెండు నెలల తర్వాత అమ్మాయి పుట్టింది. మా అత్తగారే ఫోను చేశారు. బిడ్డ క్షేమం, తల్లి క్షేమం చెప్పాక, "అల్లుడుగారూ, మీ బొంత తడిపేసిందండీ. ఉతికాను. కుట్టు ఊడలేదు" అన్నారు. ఆ మాటలో వినిపించిన గర్వం నా ఉద్యోగంలో ఏ పై అధికారి గొంతులోనూ నేను వినలేదు. తర్వాత ఆ వీధిలో ఎవరైనా అడిగితే, "మా అల్లుడు మిషను కుడతాడు" అని ఆవిడే ముందు చెప్పేవారట.

ఇప్పుడు మాకు బౌరంపేట దగ్గర సొంత ఫ్లాటుంది, కరెంటు మిషనుంది, నాకు వంపు కుట్లు, కుచ్చులు, కాలర్లు అన్నీ వచ్చు. ఆదివారం మిషను ముందు కూర్చుంటే వంటింట్లోంచి మా ఆవిడ "ఇవాళ ఏం పాడుచేస్తున్నారు?" అంటుంది. నిజం చెప్పాలంటే ఏమీ పాడుచెయ్యడం లేదు. ముందు కాగితం మీద గీస్తాను, పాత గుడ్డ మీద కత్తిరించి చూస్తాను, ఒకటికి నాలుగుసార్లు కొలుస్తాను. బీరువాలో ఒక మంచి పట్టు గుడ్డ ఉంది, కొని చాలా కాలమైంది. తీసి, పరిచి, నిమిరి, కత్తెర చేతిలోకి తీసుకుని, భయమేసి, మళ్ళీ మడతపెట్టేస్తుంటాను. కుట్టు చేతకాకపోయినా, పెళ్ళాం ఏడుస్తోందని పెళ్ళి కండువా కరకరా కోసేసిన ఆ కుర్రాడు ఒక్కసారి ఇటు వస్తే బాగుండును. వాడికేమీ రాదని నాకు తెలుసు, అయినా ఈ కత్తెర వాడి చేతిలోనే పెట్టాలనుంది.